నాలుగు పారాథైరాయిడ్లూ కంటికి కనిపించినా కాల్షియం ఎందుకు పడిపోతోంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్‌కి టోటల్ థైరాయిడెక్టమీ (థైరాయిడ్ మొత్తం తీయడం), దాంతోపాటు సెంట్రల్ నెక్ డిసెక్షన్ (మెడ మధ్యభాగంలోని లింఫ్ నోడ్స్ తీయడం) చేస్తున్నారు. ప్రతి కేసులోనూ మూడో నాలుగో పారాథైరాయిడ్లను (థైరాయిడ్ వెనక ఉండి రక్తంలో కాల్షియం నిలిపే చిన్న గ్రంథుల్ని) వెతికి పట్టుకుని ఆపరేషన్ నోట్‌లో రాస్తున్నారు. అయినా రెండో రోజుకల్లా చాలామందికి వేళ్ళు తిమ్మిరెక్కడం, మూతి చుట్టూ చిమచిమ, కాల్షియం 7.5 (మి.గ్రా./డె.లీ.) దగ్గరికి దిగడం. లోపం ఎక్కడుంది, ఫ్లోరోసెన్స్ కెమెరా వాడితే తీరుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. గ్రంథి దొరికినంత మాత్రాన మిగిలినట్టు కాదు, దానికి వచ్చే సన్నటి ధమని మిగిలితేనే మిగిలినట్టు. మీరు రాసిన తీరు చూస్తే ఆ వెతుకులాటలోనే కొన్ని గ్రంథులు రక్తం కోల్పోతున్నాయనిపిస్తోంది. కెమెరా గ్రంథిని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ధమనిని కాపాడే పని మాత్రం మీ చేతిదే. వీటన్నిటికంటే ముందు, ఆ రోగికి అంత పెద్ద ఆపరేషన్ అవసరమా అన్నది తేల్చుకోవాలి.

ముందు ఆ సంగతి చూద్దాం. థైరాయిడ్‌లో ఒక లోబ్ (ఒక పక్క సగం) మాత్రమే తీసే లోబెక్టమీ చేస్తే రెండో వైపు గ్రంథుల జోలికి వెళ్ళనే వెళ్ళం. మెడ మీద ఇంతకుముందు ఆపరేషన్ జరగని మనిషికి లోబెక్టమీ తర్వాత శాశ్వత హైపోపారాథైరాయిడిజం (పారాథైరాయిడ్ల పని చాలకపోవడం) రావడం దాదాపు ఉండదు. గడ్డ 1 నుంచి 4 సెం.మీ. మధ్య ఉండి, థైరాయిడ్ దాటి పాకకుండా, నోడ్స్ కనపడకుండా ఉంటే లోబెక్టమీ సరిపోవచ్చని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలే చెప్పాయి. నోడ్స్ లేని టీ1, టీ2 (4 సెం.మీ. లోపు, థైరాయిడ్‌లోనే ఉన్న) పాపిల్లరీ క్యాన్సర్‌లో ముందుజాగ్రత్త కోసం చేసే సెంట్రల్ డిసెక్షన్ మానేసినా తప్పులేదని కూడా అందులోనే ఉంది. అల్ట్రాసౌండ్‌లోనూ ఆపరేషన్‌లోనూ నోడ్స్ మామూలుగానే ఉన్న చిన్న గడ్డకి రెండు వైపులా లెవెల్ 6 (మెడ మధ్యభాగపు నోడ్స్ ఉండే చోటు) ఖాళీ చేస్తున్నారంటే, క్యాన్సర్ పరంగా దొరికే లాభం తక్కువ, కింది పారాథైరాయిడ్లకి జరిగే నష్టం ఎక్కువ. అనుమానం ఉంటే గడ్డ ఉన్న వైపు మాత్రమే చేయండి. నోడ్స్‌కి నిజంగా వ్యాధి పాకి ఉంటే మాత్రం మొహమాటపడనక్కర్లేదు, పూర్తిగా తీయాల్సిందే.

ఆపరేషన్‌కి ముందు కాల్షియం, ఆల్బుమిన్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), విటమిన్ డి, మెగ్నీషియం చూసుకోండి. విటమిన్ డి మి.లీ.కి 20 నానోగ్రాములకు తక్కువుంటే ముందే నింపాలి. అది లేని మనిషిలో గ్రంథులు కాసేపు మొద్దుబారినా కాల్షియం బాగా పడిపోతుంది. ముందటి పీటీహెచ్ ఉంటే తర్వాతి పీటీహెచ్ ఎంత తగ్గిందో చెప్పగలం, లేకపోతే ఒక్క అంకె చూసి ఊహించుకోవడమే. మెడల్లరీ క్యాన్సర్ అయితే కాల్షియం, పీటీహెచ్ ఇంకో కారణానికీ కావాలి. మెన్ 2ఏ (పలు హార్మోన్ గ్రంథుల్లో గడ్డలు తెచ్చే వంశపారంపర్య జబ్బు) ఉంటే పారాథైరాయిడ్లే జబ్బుపడి ఉండొచ్చు.

రక్తం ఎటునుంచి వస్తుంది

ఒక్కో గ్రంథి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, పొడవు 5 లేదా 6 మి.మీ. దాన్ని పోషించే ధమని సాధారణంగా ఒక్కటే, అదీ చివరి కొమ్మ, పక్కనుంచి వేరే దారి పెద్దగా ఉండదు. ఈ సంగతి 1907లోనే అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్, ఆయన సహచరుడు ఇవాన్స్ చెప్పారు. ఇన్ఫీరియర్ థైరాయిడ్ ధమనిని మొదట్లో కట్టేయకుండా, పారాథైరాయిడ్ కొమ్మ విడిపోయాక థైరాయిడ్‌కి ఆనుకుని కట్టమన్నారు. నూట పదేళ్ళు దాటినా అసలు సూత్రం అదే.

పైగ్రంథికీ కిందిగ్రంథికీ ఎక్కువ మందిలో రక్తం ఇన్ఫీరియర్ థైరాయిడ్ ధమని నుంచే వస్తుంది. కొందరిలో పైగ్రంథికి సుపీరియర్ థైరాయిడ్ ధమని వెనక కొమ్మ నుంచి గానీ, ఆ రెండు ధమనుల్నీ కలిపే వంపు నుంచి గానీ వస్తుంది. అందుకే థైరాయిడ్ పై పోల్ (పై కొస) దగ్గర నాళాలన్నిటినీ ఒకే కట్టగా పట్టి ముడేస్తే కొన్ని కేసుల్లో పైగ్రంథి అక్కడే అయిపోతుంది. ముందు కొమ్మల్ని ఒక్కొక్కటిగా, థైరాయిడ్ మీదే కట్టుకుంటూ వెళ్ళి వెనక కొమ్మని వదిలేయండి.

స్థానం విషయంలో పైగ్రంథి నమ్మదగ్గది. పిండంలో గొంతు పక్కన ఏర్పడే సంచుల్లో నాలుగోదాని (నాలుగో పౌచ్) నుంచి పుట్టి ఎక్కువ దూరం ప్రయాణం చేయదు కాబట్టి, రికరెంట్ లారింజియల్ నర్వ్ (గొంతు కదలికల నరం), ఇన్ఫీరియర్ థైరాయిడ్ ధమని కలిసే చోటికి సుమారు 1 సెం.మీ. పైన, ఐదింట నాలుగు కేసుల్లో అక్కడే దొరుకుతుంది. నర్వ్ ఉన్న తలానికి వెనక ఉంటుంది. కిందిగ్రంథి మూడో పౌచ్ నుంచి థైమస్‌తో (ఛాతీ పైభాగంలోని గ్రంథితో) కలిసి కిందికి దిగుతుంది. అందుకే సగానికి పైగా కేసుల్లో కింది పోల్ చుట్టుపక్కల ఉన్నా, మరో పాతిక శాతంలో థైరాయిడ్‌నీ థైమస్‌నీ కలిపే థైరోథైమిక్ లిగమెంట్‌లోనో థైమస్ నాలుకలోనో ఉంటుంది. నర్వ్‌కి ముందు తలంలో ఉంటుంది. సెంట్రల్ డిసెక్షన్‌లో ఎక్కువగా బలయ్యేది ఇదే, ఎందుకంటే మీరు తీసే కొవ్వులోనే అది కూర్చుని ఉంటుంది.

సంఖ్య కూడా గుర్తుంచుకోండి. నాలుగు ఉండేది సుమారు 84 శాతం మందిలో. కొందరికి అయిదు, కొద్దిమందికి మూడే. నాలుగోది కనిపించలేదని మెడంతా తవ్వడం వల్ల కనిపించిన మూడూ చెడిపోతాయి. కనిపించని గ్రంథి చాలాసార్లు క్షేమంగా ఉన్న గ్రంథే. అది ఉండాల్సిన చోట మీరు కాప్సూల్‌ని (థైరాయిడ్ పైపొరని) ఆనుకునే కోశారనుకుంటే, వెతకడం ఆపేయండి. లెక్క పూర్తిచేయడానికి వెతకడమన్నది పారాథైరాయిడ్ ఆపరేషన్ పద్ధతి, థైరాయిడ్ ఆపరేషన్‌లోకి తెచ్చుకోకూడదు.

గుర్తుపట్టడం

పారాథైరాయిడ్ రంగు తేనె రంగుకీ లేత గోధుమ రంగుకీ మధ్య ఉంటుంది. మెత్తగా, చదునుగా, అంచు స్పష్టంగా ఉంటుంది. చుట్టూ ఉన్న కొవ్వు కదిలిస్తే దానిలోపల జారుతుంది. పైన సన్నటి నాళాల అల్లిక కనిపిస్తుంది. కొవ్వు ఇంకా లేత పసుపు, గుత్తులుగా ఉంటుంది. లింఫ్ నోడ్ బూడిద తెలుపు, గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. థైరాయిడ్ ముక్క ఎర్రగా ఉంటుంది. ఇంకో గుర్తు: ఫోర్సెప్స్ తగిలితే పారాథైరాయిడ్ వెంటనే నల్లబడుతుంది, కొవ్వు అలా చేయదు. అయితే ఈ పరీక్ష కావాలని చేసేది కాదు.

2.5 నుంచి 3.5 రెట్లు పెద్దగా చూపే లూప్స్ (భూతద్దాల కళ్ళజోడు) లేకుండా ఈ పని చేయకండి. ఆపరేషన్ చేసే చోట రక్తం కారుతుంటే అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి, కాబట్టి పొడిగా ఉంచుకోవడమే గుర్తుపట్టడంలో సగం. సక్షన్ మొనని గ్రంథి మీద నేరుగా పెట్టకండి, తడి గాజుగుడ్డతో మెల్లగా అద్దండి.

చేతిపని: కాప్సూల్ మీదే

పద్ధతి పేరు కాప్సులర్ డిసెక్షన్. చెప్పడం తేలిక, పాటించడం దగ్గరే జారిపోతాం. లోబ్‌ని మధ్యకి లాగి పక్కనుంచి చూసినప్పుడు థైరాయిడ్ పైన పలచని పొర కనిపిస్తుంది. ఆ పొరని గ్రంథికీ థైరాయిడ్‌కీ మధ్యలో, థైరాయిడ్ వైపే తెరవండి. ధమని ఎక్కువగా పక్కనుంచి, అంటే కెరోటిడ్ వైపు నుంచి వస్తుంది కాబట్టి గ్రంథిని మధ్య నుంచి పక్కకి, దాని కాడతో (రక్తనాళాల తొడిమతో) సహా, చుట్టూ కాస్త కొవ్వుతోనే జరపాలి. గ్రంథిని శుభ్రంగా ఒలిచి చూపించాలనుకోవడం తప్పు. ఫొటోకి అందంగా ఉంటుంది, దానికి రక్తం మాత్రం ఉండదు.

ఇన్ఫీరియర్ థైరాయిడ్ ధమని ప్రధాన కాండాన్ని కట్టకండి. దాని మూడో వరస కొమ్మల్ని, థైరాయిడ్‌లోకి దూరే చోట, ఒక్కొక్కటీ కట్టండి. ఇక్కడ చాలామంది తొందరపడేది జుకర్‌కాండల్ ట్యూబర్‌కిల్ (థైరాయిడ్ వెనక పక్కకి పొడుచుకొచ్చిన బొడిపె) దగ్గర. దాన్ని ఎత్తి ముందుకు తిప్పితే పైగ్రంథి సాధారణంగా దానికి పైన, వెనక కనిపిస్తుంది, నర్వ్ దాని లోతట్టున వెళ్తుంది. ట్యూబర్‌కిల్ ఎత్తకుండానే దాని చుట్టూ క్లాంప్ వేస్తే రెండూ ప్రమాదంలో పడతాయి.

గ్రంథి పక్కన వేడి వాడకం గురించి. నాళాల్ని వేడితో మూసే హార్మోనిక్, లిగాష్యూర్ వంటి పరికరాల వేడి పక్కకి కొన్ని మి.మీ. పాకుతుంది. గ్రంథికీ దాని కాడకీ కనీసం 3 మి.మీ. దూరం ఉంచండి. ఉంచలేని చోట సన్నటి క్లిప్ లేదా దారం వేయండి. వాడిన వెంటనే ఆ మొన ఇంకా వేడిగానే ఉంటుంది, అది తడి గుడ్డకి తాకించకుండా దానితోనే గ్రంథిని పక్కకి నెట్టడం నేను అసిస్టెంట్లలో ఎక్కువగా పట్టుకునే తప్పు. మోనోపోలార్ కాటరీ (కరెంటుతో కాల్చే పరికరం) అసలు వద్దు. బైపోలార్ సన్న మొనతో, తక్కువ సెట్టింగ్‌లో, క్షణకాలం వాడండి. కొద్దిగా ఊరే రక్తానికి రెండు నిమిషాలు తడి గుడ్డ నొక్కి ఉంచడమే మంచి మందు.

అన్ని గ్రంథులూ ఒకేలా కాపాడటానికి లొంగవు. థైరాయిడ్ ఉపరితలానికి పలచగా అతుక్కున్నది లేచి వస్తుంది. చీలికలో సగం పూడుకున్నది కష్టంగా వస్తుంది. థైరాయిడ్ లోపలే ఉన్నది రాదు. థైరాయిడ్ ముందు వైపు నుంచి మాత్రమే రక్తం తీసుకునేదాన్ని కాడతో కాపాడటం శరీర నిర్మాణ రీత్యానే కుదరదు. అలాంటి దాని మీద అరగంట గడిపే బదులు ముందే తీసి నాటడం నయం.

సెంట్రల్ డిసెక్షన్‌లో క్రమం మార్చండి

నోడ్స్ తీస్తూ తీస్తూ గ్రంథి కనిపిస్తే కాపాడదామనుకోవడం వల్లే కింది గ్రంథులు పోతాయి. ముందు గ్రంథి, తర్వాత నోడ్స్. లోబ్ తీసేటప్పుడే కింది పోల్ దగ్గర గ్రంథినీ, పక్కనుంచి దానికి వచ్చే కొమ్మనూ గుర్తించండి. కాడని కెరోటిడ్ వైపుకి, పైకి జరిపి తడి గుడ్డ కింద దాచండి. అప్పుడు నర్వ్ వెంబడి కిందికి దిగుతూ కొవ్వునీ నోడ్స్‌నీ తీయండి. కుడివైపు నర్వ్‌కి వెనక కూడా నోడ్స్ ఉంటాయి, అక్కడికి వెళ్ళేటప్పుడు ఇన్ఫీరియర్ థైరాయిడ్ ధమని కాండాన్ని లాగి తెంపకండి.

థైమస్ పై నాలుకలో వ్యాధి లేకపోతే దాన్ని వదిలేయండి. రెండు వైపులా డిసెక్షన్ అవసరమైన కేసులో కనీసం ఒక వైపైనా మిగల్చండి. కిందిగ్రంథి అందులో దాగి ఉండొచ్చు, దాని రక్తం కూడా థైమస్ నాళాల నుంచే రావచ్చు.

కార్బన్ నానోపార్టికల్స్ గురించి కూడా ఒక మాట. చైనాలో వీటిని చాలా వాడతారు. థైరాయిడ్‌లోకి ఎక్కిస్తే అదీ, దాని నోడ్స్ కూడా నల్లగా మారతాయి. పారాథైరాయిడ్ మారదు. సూది మొన కాప్సూల్ దాటి ఆ ద్రవం బయటికి కారితే మాత్రం చుట్టూ అంతా నలుపై పని మరింత కష్టమవుతుంది.

బతికుందా లేదా

గ్రంథిని జరిపిన తర్వాత వెంటనే తీర్పు ఇవ్వకండి. లోబ్ బయటికి వచ్చి, ఓ పదిహేను నిమిషాలు గడిచాక, మూసేముందు మళ్ళీ చూడండి. నల్లగా ఊదారంగులోకి ఉబ్బితే సిర మూసుకుపోయిందని. అలాంటప్పుడు కాప్సూల్ మీద సన్నటి గాటు పెడితే ముదురు రక్తం కారి, రంగు మెల్లగా తిరిగి రావచ్చు. రంగు తేరుకుంటే అక్కడే వదలండి. పాలిపోయి చప్పబడితే ధమని పోయిందని. అనుమానంలో ఉంటే అంచున సన్నటి కత్తి మొనతో చిన్న గాటు పెట్టండి. ఎర్రని రక్తం ఊరితే సరే, ఏమీ రాకపోతే తీసి నాటాలి. రంగు ఒక్కటే నమ్మకండి, బాగా కనిపించేవీ చచ్చి ఉంటాయి, నల్లగా కనిపించేవీ తేరుకుంటాయి.

ఇక్కడే ఐసీజీ యాంజియోగ్రఫీ పనికొస్తుంది. ఇండోసయనిన్ గ్రీన్ సిరలోకి ఇస్తే ఒకటి రెండు నిమిషాల్లో రక్తం అందే గ్రంథి తెల్లగా వెలుగుతుంది. అందనిది నల్లగా ఉంటుంది, మధ్యస్థం బూడిద రంగులో. బాగా వెలిగిన గ్రంథి ఒక్కటి ఉన్నా ఆపరేషన్ తర్వాత హైపోపారాథైరాయిడిజం వచ్చే అవకాశం చాలా తక్కువని జెనీవా బృందం చూపించింది. అయోడిన్ ఉన్న రంగు కాబట్టి అలర్జీ చరిత్ర అడగాలి, మొత్తం మోతాదు కిలోకి 5 మి.గ్రా. దాటకూడదు.

ఇక మీరు అడిగిన ఆటోఫ్లోరోసెన్స్. పారాథైరాయిడ్ మీద 785 నానోమీటర్ల దగ్గర కాంతి పడితే అది 820 ప్రాంతంలో తనంతట తానే వెలుగుతుంది, థైరాయిడ్ అంతగా వెలగదు. ఏ రంగూ ఎక్కించనక్కర్లేదు. అమెరికాలో 2018లో ఈ పనికి రెండు పరికరాలకు అనుమతి దొరికింది. 2020లో వెలువడిన ఫ్రెంచ్ ట్రయల్‌లో తాత్కాలిక హైపోకాల్సీమియా (రక్తంలో కాల్షియం తగ్గడం) 21.7 శాతం నుంచి 9.1 శాతానికి తగ్గింది. పొరపాటున గ్రంథి కోసేయడం, నాటాల్సి రావడం కూడా తగ్గాయి. శాశ్వత లోపం తగ్గుతుందన్న రుజువు అంత గట్టిగా లేదు. దానికి కారణం కూడా ఊహించవచ్చు: రక్తం ఆగిపోయిన గ్రంథి కూడా అంతే బాగా వెలుగుతుంది. టేబుల్ మీద తీసి పెట్టినా వెలుగుతుంది. కాబట్టి ఎక్కడుందో చెప్తుంది, బతికుందో చెప్పదు. రెండు పద్ధతులూ వాడితే ఆటోఫ్లోరోసెన్స్ ముందు, ఐసీజీ తర్వాత, ఎందుకంటే ఐసీజీ వెలుగు ఇదే ప్రాంతంలో పడి మొదటిదాన్ని కప్పేస్తుంది. కొల్లాయిడ్ నోడ్యూల్స్, కొంత కొవ్వు కూడా అప్పుడప్పుడు వెలిగి మోసం చేస్తాయి. మీ అసలు సమస్య కాడ తెగిపోవడమైతే కెమెరా కొన్నంత మాత్రాన అంకెలు మారవు. పనితనం కుదురుకున్నాక అది తోడైతే మంచిదే. తీసిన స్పెసిమెన్ మీద చూడటానికి మాత్రం మొదటి రోజు నుంచే ఉపయోగం.

స్పెసిమెన్‌ని పళ్ళెంలో మళ్ళీ చూడండి

చర్మం కుట్టకముందు థైరాయిడ్ వెనక ఉపరితలాన్ని, లెవెల్ 6 కొవ్వుని తడిగా ఉంచి, మంచి వెలుతురులో, లూప్స్‌తో ఒక్కసారి తిప్పి చూడండి. ఈ మూడు నిమిషాల పని చేయని యూనిట్లలో పాథాలజీ రిపోర్ట్ వచ్చాక గ్రంథి గురించి తెలుస్తుంది. తీసిన కొవ్వు ముక్కలో అనుమానపు బిందువు కనిపిస్తే సెలైన్‌లో వేయండి: కొవ్వు తేలుతుంది, పారాథైరాయిడ్ మునుగుతుంది. ఇది చిట్కా మాత్రమే, నోడ్ కూడా మునుగుతుంది.

నాటేముందు ఒక చిన్న తునక ఫ్రోజెన్ సెక్షన్‌కి (గడ్డకట్టించి అప్పటికప్పుడు చేసే సూక్ష్మదర్శిని పరీక్షకి) పంపాల్సిందే. క్యాన్సర్ ఆపరేషన్‌లో మెటాస్టాటిక్ నోడ్‌ని మెడ కండరంలో నాటడం ఘోరమైన పొరపాటు. గడ్డ లోపలికి చొచ్చుకుపోయిన గ్రంథిని, వ్యాధి ఉన్న నోడ్‌కి అతుక్కున్న గ్రంథిని నాటకండి, స్పెసిమెన్‌తో పోనివ్వండి.

నాటే పద్ధతి: మిగతా గ్రంథిని చల్లటి సెలైన్‌లో ఉంచి, 1 మి.మీ. ముక్కలుగా తరిగి, స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ కండరంలో పీచుల మధ్య విడదీసిన చిన్న జేబుల్లో పెట్టండి. జేబులో రక్తం గూడుకడితే ముక్కలు బతకవు, కాబట్టి కోసేకంటే పీచుల్ని విప్పండి. జేబు నోరు కరగని దారంతో మూసి, క్లిప్ పెట్టండి. ముందు ముందు ఆ చోట మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వస్తే ఆ గుర్తు దారి చూపుతుంది. మెన్ 2ఏ ఉన్నవారిలో నాటాల్సి వస్తే ముంజేతి కండరంలో పెట్టడం మేలు, మళ్ళీ జబ్బు వస్తే మెడ తెరవక్కర్లేదు. నాటిన గ్రంథి పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు రోగికి కాల్షియం మీరే ఇవ్వాలి.

ఎవరు చెప్పినా సరే, అన్ని కేసుల్లోనూ ఒక గ్రంథిని అలవాటుగా నాటకండి. ఉన్నచోటే బతికిన గ్రంథి నాటిన గ్రంథికంటే ఎప్పుడూ మెరుగు. అలవాటుగా నాటే చోట తాత్కాలిక హైపోకాల్సీమియా పెరుగుతుంది.

ఆపరేషన్ తర్వాత

రక్తంలో పీటీహెచ్ సగానికి తగ్గడానికి పట్టేది 3 నుంచి 5 నిమిషాలు. అంటే గంట గడిచేసరికే గ్రంథుల స్థితి రక్తంలో తెలిసిపోతుంది. కాల్షియం మాత్రం 24 నుంచి 72 గంటల్లో అట్టడుగుకి చేరుతుంది. కాబట్టి మొదటి రోజు కాల్షియం బాగుందని ఇంటికి పంపడం ప్రమాదం. పీటీహెచ్ చూడటానికి ఏదో ఒక సమయం ఎంచుకుని, 1 గంటో 4 గంటలో, ప్రతిసారీ అదే పాటించండి. అది మి.లీ.కి 15 పికోగ్రాములు దాటితే తీవ్ర హైపోకాల్సీమియా రావడం అరుదు. అంతకంటే తక్కువైతే లక్షణాల కోసం ఎదురుచూడకుండా కాల్షియం మొదలుపెట్టండి.

5 నుంచి 15 మధ్య ఉంటే ఎలిమెంటల్ కాల్షియం (మాత్రలోని అసలు కాల్షియం) 500 మి.గ్రా. నుంచి 1 గ్రాము, రోజుకి మూడుసార్లు, దాంతో కాల్సిట్రియాల్ 0.25 నుంచి 0.5 మైక్రోగ్రాములు రోజుకి రెండుసార్లు. పీటీహెచ్ అసలు కొలతకు అందకపోతే వీటిలో ఎక్కువ మోతాదులే ఇవ్వండి. 1,250 మి.గ్రా. కాల్షియం కార్బనేట్ మాత్రలో ఎలిమెంటల్ 500 మాత్రమే, ఆర్డర్ రాసేటప్పుడు ఈ గందరగోళం తరచూ జరుగుతుంది. కార్బనేట్ తిండితో పాటు ఇవ్వాలి. కడుపులో ఆమ్లం తగ్గించే మందులు వాడేవారికి సిట్రేట్ మేలు. థైరాక్సిన్‌కీ కాల్షియానికీ 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాక్సిన్ సరిగా ఒంటికి పట్టదు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని ప్రేరేపించే హార్మోన్) తగ్గడం లేదని మోతాదు అనవసరంగా పెంచుతారు.

కాల్షియం చూసేటప్పుడు ఆల్బుమిన్‌కి సవరించుకోండి: ఆల్బుమిన్ 4 కంటే ఎన్ని గ్రాములు తక్కువుంటే, ఒక్కో గ్రాముకి 0.8 కలపాలి. చ్వోస్టెక్ సైన్ (చెంప మీద తడితే ముఖ కండరాలు అదరడం) ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ కొందరికి ఉంటుంది. ఆపరేషన్‌కి ముందు చూసి రాసుకోకపోతే తర్వాత దాని విలువ తక్కువ.

చేతులు మెలితిరిగితే, ఈసీజీలో క్యూటీ పొడవైతే, లేదా సవరించిన కాల్షియం 7కి దిగువకి వస్తే నోటి మాత్రలతో పని జరగదు. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 నుంచి 20 మి.లీ., 50 నుంచి 100 మి.లీ. డెక్స్‌ట్రోజ్‌లో కలిపి, మానిటర్ మీద, 10 నుంచి 20 నిమిషాల్లో ఇవ్వండి. బైకార్బొనేట్, ఫాస్ఫేట్ ఉన్న లైన్‌లో కలపకండి, గడ్డకడుతుంది. దీని ప్రభావం కొన్ని గంటలే, కాబట్టి వెంటనే ఇన్ఫ్యూజన్ మొదలుపెట్టాలి: పది ఆంపూల్స్ అంటే 100 మి.లీ. గ్లూకోనేట్‌ని, అంత ద్రవం తీసేసిన లీటర్ బాటిల్‌లో కలిపితే మి.లీ.కి సుమారు 0.9 మి.గ్రా. ఎలిమెంటల్ కాల్షియం వస్తుంది. గంటకి 50 మి.లీ.తో మొదలుపెట్టి 4 నుంచి 6 గంటలకోసారి కాల్షియం చూసి సర్దండి. ఎంత ఇచ్చినా కాల్షియం లేవకపోతే మెగ్నీషియం చూడండి. అది తక్కువుంటే మిగిలిన గ్రంథి కూడా పీటీహెచ్ విడుదల చేయదు.

మొదటి నెలలో కాల్షియాన్ని కిందికి పట్టి ఉంచడం నేను ఒప్పుకోను. దెబ్బతిన్న గ్రంథులు తేరుకునేదాకా కాల్షియం 9 దగ్గర, కాస్త ఎక్కువగానైనా ఉంచితే అవి మళ్ళీ పనిచేసే అవకాశం మెరుగని స్పెయిన్ సర్జన్ సిట్జెస్ సెర్రా బృందం వాదన, గ్రంథికి విశ్రాంతి ఇవ్వడమన్నమాట. దానికి తగ్గట్టు వారానికోసారి కాల్షియం చూస్తూ, పీటీహెచ్ లేస్తుంటే ముందు కాల్సిట్రియాల్, తర్వాత కాల్షియం మెల్లగా తగ్గించండి. ఒకేసారి ఆపేస్తే రోగి మళ్ళీ ఎమర్జెన్సీకి వస్తాడు. నెలల తరబడి మాత్రల మీద ఉన్నవాళ్ళకి 24 గంటల మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్ చూడటం మర్చిపోవద్దు, కిడ్నీలు ఎక్కువ కాలం భరించలేవు. శాశ్వతం అన్న ముద్ర ఆరు నెలలకే వేయకండి, ఇప్పటి నిర్వచనం 12 నెలలు.

మీ అంకెల గురించి చివరిగా. మంచి యూనిట్లలో కూడా తాత్కాలిక హైపోకాల్సీమియా నాలుగింట ఒక వంతు మందికి వస్తుంది, శాశ్వతం ఒకటి నుంచి మూడు శాతం మధ్య. కాబట్టి రెండో రోజు తిమ్మిర్లు చూసి కంగారు పడకుండా 12 నెలల నాటికి ఎంతమంది మాత్రలు మానగలిగారో లెక్కకట్టండి. దానికి ఆపరేషన్ నోట్‌లో "నాలుగూ చూశాం" అన్న వాక్యం సరిపోదు. ఒక్కో గ్రంథికీ విడిగా రాయండి: ఎక్కడ ఉంది, ఉన్నచోటే ఉందా, నాటామా, స్పెసిమెన్‌లో పోయిందా, మూసేముందు రంగు ఏమిటి, కాడ స్పష్టంగా కనిపించిందా. నాలుగులోంచి నాటినవీ స్పెసిమెన్‌లో పోయినవీ తీసేస్తే మిగిలే అంకె, ఆ రోగిలో ఉన్నచోటే మిగిలిన గ్రంథుల సంఖ్య. అది ఒకటి లేదా రెండుకి పడిపోయిన కేసుల్ని విడిగా పెట్టి, ఆ వరసలో ఎన్నింటికి ముందుజాగ్రత్త సెంట్రల్ డిసెక్షన్ జరిగిందో చూసుకోండి. తరవాత మార్చాల్సింది చేతిపనా, ఆపరేషన్ ఎంపికా అన్నది ఆ పట్టికలోనే కనిపిస్తుంది.